ఎనిమిది మంది తమ్ముళ్లు

లక్ష్మణ్‌కు ఎనిమిది మంది తమ్ముళ్లున్నారని నీలిమేఘ ఎయిర్‌లైన్స్ వాళ్ల కంప్యూటర్ చెబుతోంది. అతని తల్లి భూమవ్వ మాత్రం ఒక్కణ్నే కన్నది. ఈ రెండింటిలో ఏది నిజమో నాకు తెలుసు. దాన్ని రుజువు చేయడానికి నా చేతిలో ఉన్నది నాలుగు గంటల యాభై నిమిషాలు.

నా పేరు వనిత. కరీంనగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాను. బోర్డు మీద అంత పెద్ద మాట రాయించాను గానీ, నాకొచ్చే పనిలో ముప్పాతిక వంతు పెళ్లి సంబంధాల ఆరాలే. పిల్లవాడు తాగుతాడా, దుబాయ్‌లో నిజంగా సూపర్‌వైజరేనా, ఇట్లాంటివి. విమానాల గొడవైతే మాత్రం జనం నన్నే వెతుక్కుంటూ వస్తారు. నీలిమేఘ వాళ్ల కౌంటర్‌లో ఎనిమిదేళ్లు కూర్చున్నదాన్ని కదా.

ఆ పొద్దున లక్ష్మణ్ కుడికాలు ఈడ్చుకుంటూ నా ఆఫీసు మెట్లెక్కాడు. ముప్పై నాలుగేళ్లు, దుబాయ్‌లో సెంట్రింగ్ పని. సైటు మీద కాలు విరిగితే కంపెనీ సెలవిచ్చి ఇంటికి పంపింది. కాలు అతుక్కుంది. ఇవాళ రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్‌లో విమానం ఎక్కాలి. ఎక్కకపోతే వీసా పోతుంది. ఆ దేశం బయట ఆర్నెల్లు దాటితే వీసా రద్దవుతుంది, రేపటితో ఆర్నెల్లు నిండుతాయి. తొమ్మిదేళ్ల కొలువు ఒక్క రాత్రి మీద ఆధారపడి ఉంది.

నిన్న సాయంత్రం నీలిమేఘ విజిలెన్స్ ఆఫీసర్ నిరంజన్ అతణ్ని బస్టాండు దగ్గరి లాడ్జికి పిలిపించాడు. విమానం ఎక్కిన ప్రతిసారీ కంపెనీ కొన్ని పాయింట్లు ఇస్తుంది. అవి పోగైతే వాటితోనే టికెట్టు తీసుకోవచ్చు. ఒక కుటుంబం వాళ్లంతా తమ పాయింట్లను ఇంటి పెద్ద ఖాతాలో కలుపుకోవచ్చు కూడా. లక్ష్మణ్ ఖాతాలో ఎనిమిది మంది "తమ్ముళ్ల" పాయింట్లు కలిశాయి. ఒక్క తమ్ముడి ఇంటిపేరూ అతని ఇంటిపేరుతో కలవదు. ఆ పాయింట్లతో ఐదు ఖరీదైన టికెట్లు తీసి, ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లకు అమ్మేశారు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడితే సంగతి కంపెనీలోనే ముగుస్తుంది, రాత్రికి దుబాయ్ పోవచ్చు అన్నాడు. పెట్టకపోతే ఇవాళ సాయంత్రం నాలుగింటికి పోలీసు కంప్లైంటు. కంప్లైంటు పడితే ఏ విమానం దగ్గరైనా ఆపేస్తారు.

"పాయింట్లంటే ఏందో నాకు తెల్వదక్కా," అన్నాడు లక్ష్మణ్. "ఎక్కుతం, దిగుతం. గంతే."

"నీకు టికెట్లు ఎవరు చేస్తరు?"

"సిద్ధు. నా దోస్తు. ఏడో తరగతి దాక ఒక్క బెంచి మీద కూసున్నం. వాడు అసొంటోడు కాదక్కా. నేను మొదటిసారి పోయినప్పుడు విమానాశ్రయం దాక వచ్చి సాగనంపిండు."

"నాలుగు దాక ఏ కాగితం మీద సంతకం పెట్టకు. లాడ్జిల కూసో. నేనొస్త."

తల ఊపాడు. దోస్తు మీద అనుమానపడ్డానని నా మీదే చిన్నబుచ్చుకున్నాడు, అది అతని మొహంలో కనిపించింది.

11.10. బస్టాండు వెనుక సందులో పొద్దుపొడుపు ట్రావెల్స్. సిద్ధు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"రా అక్కా, కూసో. చాయ్ చెప్పన్నా?"

"చాయ్ తర్వాత. గీ డబ్బా ఏంది?"

కౌంటర్ మీద ఆకుపచ్చ రేకు డబ్బా, పైన చీలిక, ముందు తాళం. దానికో కాగితం అతికించి ఉంది: బోర్డింగ్ పాస్ ముక్క ఇందులో వేయండి, వెనుక ఫోన్ నంబర్ రాయండి, దసరాకు లక్కీ డ్రా, మొదటి బహుమతి గ్రైండర్.

ఈ డబ్బా గురించి నేను వినే ఉన్నాను. మన దగ్గర దుబాయ్ నుంచో మస్కట్ నుంచో దిగినవాడు మర్నాడు గుడికి పోతాడు, ఆ మర్నాడు సిద్ధు దగ్గరికి పోతాడు. విమానం ఎక్కేటప్పుడు చించి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ముక్కను మిగతా దేశమంతా చెత్తబుట్టలో వేస్తుంది. మనవాళ్లు పర్సులో మడతపెట్టి, ఊరి దాకా భద్రంగా తెచ్చి, గ్రైండర్ మీద ఆశతో ఈ డబ్బాలో వేస్తారు.

"పోయిన దసరాకు గ్రైండర్ ఎవరికొచ్చింది?"

"కాగజ్‌నగర్ దిక్కు మనిషికక్కా. పేరు యాదికి లేదు."

"అంతకు ముందు ఏడాది?"

"చూడాలె."

గోడ నిండా ఫోటోలు. సిద్ధు పెళ్లి, సిద్ధు తీర్థయాత్ర, సిద్ధు కొత్త కారుకు కొబ్బరికాయ కొట్టడం. కొబ్బరికాయ కొట్టినా ఫోటో దిగే మనిషి గ్రైండర్ ఇచ్చి ఫోటో దిగకుండా ఉంటాడా? ఉండడు.

డబ్బా ఎత్తి ఊపాను. లోపల రెండో మూడో ముక్కలు కదిలిన చప్పుడైంది. దసరా పోయి ఆరు నెలలైంది. ఈ డబ్బా నిండి ఉండాలి.

"మిగతావి ఏడున్నయి?"

"నిండితే తీసి పక్కకు పెడ్త."

"పక్కకంటే?"

సమాధానం కోసం ఆగలేదు. అతని కుర్చీ పక్క కింది సొరుగు లాగాను. "అక్కా, అది…" అని చెయ్యి అడ్డం పెట్టబోయాడు గానీ అప్పటికే సొరుగు బయటికొచ్చింది. బోర్డింగ్ పాస్ ముక్కలు, మనిషికో కట్ట, ప్రతి కట్టకూ రబ్బరు బ్యాండు, పైన చీటీ మీద ఫోన్ నంబర్. లక్ష్మణ్ కట్టలో ఆరు ముక్కలు. ప్రతి ముక్క మీదా నీలి పెన్నుతో టిక్కు.

"గీ టిక్కులేంది?"

"లెక్కక్కా. ఎవరెన్ని వేసిండ్రో."

"లక్కీ డ్రా అంటే అన్ని కలిపి ఒకటి తియ్యాలె. మనిషికో కట్ట కట్టి డ్రా తీసేటోన్ని నిన్నే చూసిన సిద్ధూ."

సిద్ధు నవ్వు అట్లాగే ఉంది, కళ్లు మాత్రం సొరుగు మీదే ఉన్నాయి. నేను నా ఫోన్‌తో కట్టలన్నిటినీ ఫోటోలు తీసుకున్నాను.

నాకు అర్థమైంది. ప్రయాణికుడి పాయింట్లు ఖాతాలో పడకపోతే, బోర్డింగ్ పాస్ మీది టికెట్ నంబరూ సీటూ తేదీ రాసి తర్వాతైనా అడగొచ్చు. కౌంటర్‌లో ఉన్న రోజుల్లో అట్లాంటి దరఖాస్తులు వందలు పూర్తి చేశాను. ఈ పెద్దమనిషి దగ్గర అందరి పాస్‌పోర్టు నకళ్లున్నాయి. వాళ్ల పేరు మీద వాళ్లకు తెలియకుండా ఖాతాలు తెరిచాడు. మనవాళ్లకు ఈమెయిలు ఉండదు కాబట్టి ఆ గడిలో తన ఈమెయిలు పెట్టాడు. ముక్కలు చూపించి పాయింట్లు రాబట్టాడు, రాబట్టిన ప్రతి ముక్క మీదా టిక్కు పెట్టుకున్నాడు. తొమ్మిది మందిని కుటుంబం చేసి, అందరి పాయింట్లూ దోస్తు ఖాతాలో పోశాడు. తన పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు.

"అక్కా, జర నా మాట ఇను," అన్నాడు సిద్ధు, గొంతు పెంచకుండా. "నువ్వేం అనుకుంటున్నవో నాకు ఎర్కనే. పాయింట్లు వాడాల్నంటే ఫోన్‌కు కోడ్ వస్తది. కోడ్ చెప్పనిది ఎవడూ టికెట్ తియ్యలేడు. గా ఫోన్ ఎవరి ఇంట్ల ఉన్నది? లక్ష్మణ్ ఇంట్ల. పోయి ఆడ అడుగు."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అతను చెప్పింది నిజం.

"మంచి మాట చెప్పిండు," అని వెనుక నుంచి వినిపించింది. నిరంజన్. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ బిళ్ల. సిద్ధు స్టేట్‌మెంటు తీసుకోవడానికి వచ్చాడట. "వనితక్కా, పెండ్లి సంబంధాలు తగ్గినయా? విమానాల మీద పడ్డవ్!"

ఈ నిరంజన్‌ది కాగజ్‌నగర్. పేపరు మిల్లు మూతపడ్డ ఏడాది ఇంట్లో పొయ్యి వెలగని పరిస్థితిలో నా దగ్గరికొచ్చాడు. మేనేజరు కాళ్లావేళ్లా పడి నా పక్క కౌంటర్‌లో పెట్టించాను. బోర్డింగ్ పాస్ చదవడం నేర్పింది నేనే. రెండేళ్లకు, ఒక వీఐపీ సామాను పోయిన కేసులో, సంచికి తప్పు చీటీ కట్టింది వనితక్కే అని విచారణలో చెప్పాడు. కట్టింది అతను. నా ఉద్యోగం పోయింది, అతనికి ప్రమోషన్ వచ్చింది. అప్పటి నుంచి నన్ను ఎక్కడ కనిపించినా అక్కా అంటాడు. ఆ పిలుపు వింటే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"టికెట్లు తీసిన ఐదు తేదీలు నిన్న నువ్వు లక్ష్మణ్‌కు చెప్పినవే, నా దగ్గరున్నయి," అన్నాను. "ఐదు సార్లూ లక్ష్మణ్ దుబాయ్‌లున్నడు. పోయేటప్పుడు ఇక్కడి సిమ్ము ఇంట్లనే వదిలిపెట్టిండు. అందరూ అట్లనే వదులుతరు. బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నీ దానికే ఉంటయి."

"అయితే కోడ్ ఇంటోళ్లు చెప్పిండ్రు. ఇంటోళ్లు ఎవరక్కా? ఆయన మనుషులే గద."

"ఎవరికి చెప్పిండ్రో తేలితే?"

నిరంజన్ సిద్ధు వైపు చూడలేదు. అది నేను గమనించాను.

"తేల్చు. కోడ్ సిద్ధుకు చెప్పిన అని ఒక్క మనిషి నా ముంగట నిలబడి చెప్తే, లక్ష్మణ్‌ను ఇప్పుడే బండెక్కిస్త. నాలుగు దాక టైమున్నది."

"అసలు మీకు ఫిర్యాదు చేసిందెవరు?"

"ఖబర్ వచ్చింది. ఎవరని చెప్పొద్దు, మా రూలు."

లక్ష్మణ్ సంతకం పెట్టాల్సిన కాగితం చూపించమన్నాను. ఇంగ్లీషులో ఒకటే పేజీ. నా ఖాతాలో జరిగిన తప్పుకు నేనే బాధ్యుణ్ని, అంతే ఉంది. అప్పుడు టైము 12.05.

బొమ్మకల్‌లో లక్ష్మణ్ ఇంటికి చేరేసరికి ఒకటీ ఇరవై. భూమవ్వ అరుగు మీద కూర్చుంది. లోపల గోడకు ఆనుకుని కోడలు ప్రవళిక చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే ఐదేళ్ల సృజన అన్నం తింటూ నిద్రపోయింది.

సంగతి చెప్పాను. భూమవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నా కొడుకు దొంగనా? అయ్యో! చిన్నప్పుడు ఇంకోని పలక ముట్టలేదు బిడ్డా వాడు!"

"గా సిమ్ము ఎవరి దగ్గరుంటది అవ్వా?"

"నా దగ్గర్నే. గీ డబ్బా ఫోన్ల ఉంటది. మోగుతది, ఎత్తుత. మెసేజులు నాకేం తెలుస్తయి? కోడలు సదువుతది."

కోడలి వైపు తిరిగాను. "ప్రవళికా, కోడ్లు వచ్చినయా?"

"రాలే."

"ఎవరికన్న చెప్పినవా?"

"రాలే అంటున్న గదక్కా. రానిది ఎట్ల చెప్త?"

చేతులు ఆగలేదు. ఆకు తీసింది, చుట్టింది, దారం కట్టింది, కొన మడిచింది. ఆ బీడీలో తంబాకు లేదు. తర్వాతి బీడీలోనూ లేదు. రోజుకు ఎనిమిది వందలు చుట్టే మనిషి వరసగా రెండు ఖాళీ బీడీలు కట్టింది.

ఫోన్ తెరిచాను. మెసేజులు రెండేళ్లవి ఉన్నాయి. రీచార్జీ అయిపోయిందని, గ్యాస్ బండ బయల్దేరిందని, బట్టల దుకాణంలో తగ్గింపని, అన్నీ ఉన్నాయి. నీలిమేఘ నుంచి మాత్రం ఒక్కటీ లేదు. పుట్టినరోజుకు కూడా మెసేజు పంపే కంపెనీ అది. ఎవరో ఒక్కొక్కటే ఏరి తీసేశారు, ఆ పని భూమవ్వకు చేతకాదు.

కాల్స్ జాబితా కూడా శుభ్రంగా ఉంది. కానీ ఫోన్లో చెరిపినంత మాత్రాన సిమ్ము కంపెనీ లెక్కలో చెరిగిపోదు. నా ఫోన్లో వాళ్ల యాప్ తెరిచి, ఈ నంబర్ కొట్టి, వచ్చిన కోడ్ వేసి, మూడు నెలల వివరాలు తెప్పించాను. టికెట్ల తేదీలు అంతకన్నా పాతవి, అవి ఇందులో రావు. వచ్చిన కాల్స్ బోలెడు. పోయిన కాల్ ఒకటే ఉంది. మొన్న గురువారం ఉదయం 10.42కు, పదకొండు నిమిషాల పాటు.

ఆ నంబర్ నాకు కొత్తది కాదు. నీలిమేఘ హెల్ప్‌లైన్. ఎనిమిదేళ్లు వచ్చినవాళ్లందరికీ నోటితో చెప్పిన నంబరు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిరంజన్‌కు వచ్చిన ఖబర్ ఈ ఇంట్లోంచే పోయింది.

"అవ్వా, బేస్తారం పొద్దుగాల పదిన్నరకు ఇంట్ల ఎవరున్నరు?"

"బేస్తారమా? ఎములాడకు పోతిమి గద. నేను, కొడుకు, పిల్ల. కాలు మంచిగైతే గుడిల కోడెను కడ్తనని మొక్కుకున్న. కోడలు రాలే. తలకాయ నొస్తుందని పన్నది. ఫోన్ గూడ ఇంట్లనే ఉండె."

వేములవాడ గుడిలో ఇచ్చిన కోడె మొక్కు రసీదు ఇంకా మేకుకు గుచ్చి ఉంది. దాని మీద టైము 10.25. ఇక్కణ్నుంచి వేములవాడ గంట దారి. లక్ష్మణ్ కాదు, భూమవ్వ కాదు.

ప్రవళిక చాట పక్కన పెట్టి వంటింట్లోకి నడిచింది. నేను వెనకే పోయి తలుపు దగ్గరికి వేశాను.

"కోడ్లు సిద్ధన్నకు చెప్పిన," అంది, పొయ్యి వైపు తిరిగి. "లక్కీ డ్రాది చెల్లె, చెప్పు అని ఫోన్ చేసేటోడు. ఐదు సార్లు చెప్పిన. మెసేజులు తీసెయ్యి, ఫోన్ నిండుతది అన్నడు. తీసేసిన."

"బేస్తారం నాటి ఫోన్?"

పొయ్యి మీది గిన్నె మూత సర్దింది.

"ప్రవళికా, పదకొండు నిమిషాలు మాట్లాడినవ్."

"నేనే చేసిన. మా ఆయన పాయింట్లు అమ్ముకుంటుండు అని చెప్పిన."

నేను ఈ వృత్తిలో చాలా ఇళ్లల్లోకి తొంగి చూశాను. ఇట్లాంటిది వినలేదు. "ఎందుకు?" అన్నాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది.

ఇప్పుడు నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. "తొమ్మిదేండ్లల్ల మేమిద్దరం ఒక్క ఇంట్ల ఉన్నది పదమూడు నెల్లక్కా. అండ్ల ఆర్నెల్లు కాలు విరిగినందుకు ఉన్నం. మొన్నటిదాక పిల్ల ఆయనను 'ఫోన్ల బాపు' అన్నది. ఇప్పుడిప్పుడే ఆయన పక్కల పంటుంది. వద్దు, పోకు అంటే ఇంటడా? ఇనడు. టికెట్ ఆగితే రెండు దినాలల్ల వీసా పోతది, ఇంటికాడ్నే ఉంటడు అనుకున్న. కేసైతదని నాకు ఎర్కనా?"

"నీ కోసం నీ మొగన్ని దొంగను చేసినవ్."

"చేసిన," అంది. "ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పు."

నేను కోపంలో ఉన్నాను. ఆ కోపంలో అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ పనిలో ఇన్నేళ్లున్నాక కూడా అట్లాంటి పొరపాటు చేశాను, ఇంకెవర్నీ అనను. దారి ఒకటే కనిపించింది నాకు. "కోడ్లు సిద్ధుకు చెప్పిన అని నిరంజన్ ముంగట చెప్పు. గంతే చెప్పు. ఫోన్ సంగతి నీకు నాకు తప్ప ఎవరికీ తెల్వద్దు. లక్ష్మణ్‌కు అసలే తెల్వద్దు."

"పోతడా మరి?"

"పోతడు. కొలువు ఆయనది ప్రవళికా. ఆపాల్నంటే మొఖం మీద చెప్పి ఆపు, గిట్ల కాదు."

తలకు కొంగు చుట్టుకుని చెప్పులేసుకుంది. ఆటో దొరికేసరికి రెండున్నర దాటింది, గ్రానైటు లారీ అడ్డం పడి బైపాస్ మీద ఇంకో అరగంట పోయింది.

3.25. లాడ్జి గది. లక్ష్మణ్ మంచం అంచు మీద, పక్కన సంచి. నిరంజన్ టేబుల్ ముందు. భార్యను చూసి లక్ష్మణ్ లేచాడు.

"నువ్వెందుకచ్చినవ్?"

ప్రవళిక అతని వైపు చూడలేదు. పాఠం అప్పజెప్పినట్టు నిరంజన్‌కు చెప్పింది. "సార్, కోడ్లు నేను చెప్పిన. సిద్ధన్నకు చెప్పిన. ఐదు సార్లు. ఈయనకు ఏం తెల్వదు."

లక్ష్మణ్ నోరు తెరుచుకుంది. "సిద్ధునా? మన సిద్ధునా?" అన్నాడు. ఒక్క బెంచి దోస్తు పోయిన బాధ ఆ మొహంలో చూడలేక నేను నిరంజన్ వైపు తిరిగాను.

"అన్న మాట ప్రకారం మనిషిని నిలబెట్టిన. కట్టల ఫోటోలు, టిక్కులు, అన్నీ ఇస్త. ఇగ ఆయన్ని పోనియ్యి."

"నిలబెట్టినవ్," అన్నాడు నిరంజన్. "కానీ ఈమె మాట నేనెట్ల నమ్మాలె అక్కా? ఇయ్యాల ఒకటి చెప్తుంది. బేస్తారం నాడు ఇంకోటి చెప్పింది."

ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. నేను లాక్కోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుని మీట నొక్కాడు.

గదిలో ప్రవళిక గొంతు వినిపించింది. "నా భర్త ఇతరుల పాయింట్లను తన ఖాతాలోకి మార్చుకుని విక్రయిస్తున్నారు. సోమవారం రాత్రి ఆయన దేశం విడిచి వెళ్తున్నారు. దయచేసి తక్షణమే చర్య తీసుకోగలరు."

అది ప్రవళిక గొంతే. మాటలు మాత్రం ఆమెవి కావు. బొమ్మకల్‌లో పుట్టి పెరిగిన ఏ మనిషీ "విక్రయిస్తున్నారు" అనడు. ఎవరో రాసిచ్చింది చూసి చదువుతోంది. ఆ క్షణాన నాకు తట్టింది, వంటింట్లో నేను అడగని ప్రశ్న.

"ప్రవళికా! గీ మాటలు నీకు ఎవరు రాసిచ్చిండ్రు?"

నా మాట ఎవరికీ అందలేదు. లక్ష్మణ్ భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా?"

"నువ్వు పోవద్దని…"

"నువ్వేనా, చెప్పు!"

"నేనే."

అతను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. టేబుల్ దగ్గరికి పోయి పెన్ను తీసుకున్నాడు. "ఏడ పెట్టాలె సార్ సంతకం?"

"లక్ష్మణ్, ఆగు!" అని అరిచాను. "ఆగు, సిద్ధు మీద సాక్ష్యం ఉన్నది. పది నిమిషాలు ఆగు!"

"ఆగనక్కా. దోస్తు దొంగ, పెండ్లాం దొంగ. నేనూ దొంగనే అనుకోండ్రి. గీ ఇంట్ల ఒక్క దినం ఉండ." నిరంజన్ వేలు చూపించిన చోట గీశాడు. పేజీ తిప్పి ఇంకోచోట చూపిస్తే అక్కడా గీశాడు. 3.50.

పేజీ తిప్పి? మధ్యాహ్నం నేను చూసినప్పుడు ఒకటే పేజీ.

ప్రవళిక గోడ పట్టుకుని కింద కూర్చుంది. "సిద్ధన్ననే," అంది. "నంబరు సిద్ధన్ననే ఇచ్చిండు. కాగితం మీద రాసిచ్చిండు. నా బాధ చూసి ఇచ్చిండనుకున్న. టికెటొక్కటే ఆగుతది చెల్లె, ఇంకేం గాదు అన్నడు."

సిద్ధు దొంగతనం బయటపడే రోజు దగ్గరపడిందని అతనికి తెలుసు. నింద మోయడానికో మనిషి కావాలి. ఆ మనిషి ఆర్నెల్ల గడువు ఎప్పుడు నిండుతుందో టికెట్టు చేసిన సిద్ధుకే బాగా తెలుసు. ఈమె దిగులూ తెలుసు. ఆ దిగులును వాడుకున్నాడు.

సిద్ధుకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. రెండో పేజీ మీదికి వంగాను. నిరంజన్ దాన్ని ఫైల్లో పెట్టేలోపు పై వరస చదవగలిగాను. ఇట్లాంటి ఇరవై ఆరు కుటుంబ ఖాతాలను నేనే నడిపించాను, అని ఉంది.

"ఇరవై ఆరా?" అన్నాను. "మధ్యానం గీ పేజీ లేదు. రికార్డింగుల ఆమె చదువుతుందని నీకు అప్పుడే తెల్సు. ఎవరు రాసిచ్చిండ్రని ఒక్కసారన్న అడిగినవా?"

"నాకు గొంతుతోని పని లేదక్కా, సంతకంతోని పని. హెడ్డాఫీసుకు రేపటికల్ల ఇరవై ఆరు ఖాతాలు మూసెయ్యాలె. దొంగ ఎవడో ఒకడు కావాలె."

లక్ష్మణ్ ఇదేమీ వినలేదు. సంచి భుజానికేసుకుని తలుపు దాకా పోయాడు. "బండి కింద ఉన్నది సార్. నేను పోత మరి."

"సంచి కింద పెట్టు లక్ష్మణ్," అన్నాడు నిరంజన్, ఫోన్ చెవికి పెట్టుకుంటూ. అవతల పోలీస్ స్టేషన్ వాళ్లు ఎత్తారు. లాడ్జి పేరు, గది నంబరు చెప్పాడు, నిందితుడు ఒప్పుకున్నాడని చెప్పాడు.

"సంతకం పెడితే పోనిస్త అంటివి గద సార్?"

"ఒక్క ఖాతా అయితే పోనిద్దును."

లక్ష్మణ్ నా వైపు చూశాడు. ఈ మనిషికి అన్నం పెట్టించి ఉద్యోగం ఇప్పించింది నేను, ఇతని మాట నమ్మి ప్రవళికను ఇక్కడికి లాక్కొచ్చిందీ నేనే. సిగ్గుతో తల వంగిపోయింది.

అతను సంచి మెల్లగా దించి గోడకు ఆనించాడు. కాలు నొప్పి పెట్టిందేమో, దాని మీదే కూలబడ్డాడు. కింద వీధిలో జీపు ఆగిన చప్పుడు వినిపించింది. అప్పుడు భార్య వైపు తిరిగాడు. గొంతులో కోపం కూడా లేదు.

"ఎటూ పోతలేను తియ్యి," అన్నాడు. "సంబురమైందా?"